నిలబడటానికా, పడుకోవటానికా?

(బావా బావమరిదీ కలిసి ఒక చిన్న తెరచాప పడవ కొనబోతున్నారు, వెచ్చటి సముద్రంలో తీరం వెంబడి రెండు మూడు రాత్రులు తిరగడానికి. చూసొచ్చినవి రెండు. 26 అడుగులదాంట్లో నిలబడొచ్చు, కీల్ (అడుగున కదలకుండా ఉండే బరువైన రెక్క) లోతు, లోపల డీజిల్ ఇంజన్. 22 అడుగులదాంట్లో కూర్చోవడమే, కీల్ బదులు నీళ్లలోకి దిగే మధ్యపలకని పైకి లాగొచ్చు, వెనకాల బయట తగిలించే పెట్రోల్ ఇంజన్ (అవుట్‌బోర్డ్).)

బావ: వంగి ప్యాంటు తొడుక్కునే వయసు దాటిపోయిందిరా. పెద్దదే కొందాం.

బావమరిది: ప్యాంటు బయటికొచ్చి తొడుక్కోండి బావా, నిద్ర సంగతి చెప్పండి. అందులో పావుగంట కూర్చున్నందుకే మీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆరు కిటికీల్లో తెరుచుకునేది ఒక్కటీ లేదు, చలి సముద్రాల కోసం కట్టినట్టుంది. సాయంత్రం దాకా డీజిల్ నడిపి లంగరేశామనుకోండి, ఆపాక కూడా ఆ ఇనుప ముద్ద మెట్ల కింద కుంపటిలా చాలాసేపు కాగుతూనే ఉంటుంది, మీ తలగడ దానికి మూరెడు దూరం. చిన్నదాని ఇంజన్ బయట వేలాడుతుంది కాబట్టి ఆ బాధ లేదు. లంగరు మీదున్న పడవ ముక్కు మామూలుగా గాలికి ఎదురు తిరుగుతుంది కదా, ముందున్న హ్యాచ్, అదే డెక్కు తలుపు, మీద ఒక గుడ్డ సంచీలా కడితే గాలి తిన్నగా లోపలికి దిగి వెనకనుంచి పోతుంది. పైన పందిరి వేస్తే డెక్కు కాలదు. వేగమా? నీటి గీత దగ్గర పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించండి. పెద్దదానికి ఆ పొడవు 22, అంటే మహా అయితే 6.3 నాట్లు; చిన్నదానికి 18, అంటే 5.7. గంటకి కిలోమీటరు పైచిలుకు తేడా కోసం కుంపట్లో పడుకోవాలా?

బావ: లెక్క బాగుంది. గాలివాన వస్తే? హ్యాచ్ మూస్తావా, మూయవా? మూస్తే నీ సంచీ గాలి ఏమైంది? ఏరు సముద్రంలో కలిసే అలివి దాటేటప్పుడు కెరటం వెనకభాగాన్ని ఎత్తిందంటే నీ అవుట్‌బోర్డ్ ప్రొపెల్లర్ గాల్లో గీమని తిరుగుతుంది, సరిగ్గా దానితో పనిపడినప్పుడే. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, లీకైతే అడుగున చేరి ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకునుంటుంది. డీజిల్‌తో ఆ టెన్షన్ అంత ఉండదు.

బావమరిది: ప్రొపెల్లర్ మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. పొడుగు షాఫ్టు ఇంజనైతే కొంత నయం, అంతే. పెట్రోల్ డబ్బా మాత్రం క్యాబిన్‌లో పెట్టనివ్వను, బయటే.

బావ: మధ్యపలకో? వెచ్చటి నీళ్లలో అది దిగే గూట్లో గుల్లలు పట్టి బిగుసుకుంటుంది. మొన్న అద్దె పడవలో ఏమైంది?

బావమరిది: మొన్న గుల్లలు కాదు బావా, మీరు పలక ఎత్తడం మర్చిపోయారు!

బావ: లోతు చూడాల్సింది నువ్వు. ఫోన్ చూస్తున్నావు.

బావమరిది: ఫోన్‌లో పోటుపాట్ల పట్టిక చూస్తున్నాను!

బావ: ఫొటోలు.

బావమరిది: సరే, రెండు ఫొటోలు. అయినా పలక ఎత్తాక పది నిమిషాల్లో బయటపడ్డాం. అక్కడే మీ లోతు కీల్ దిగబడి ఉంటే పాటుకి పక్కకి ఒరిగి, మళ్లీ పోటు వచ్చేదాకా ఆరేడు గంటలు గోడ మీద కూర్చునేవాళ్లం. గుల్లలు పట్టకుండా గూట్లో కూడా రంగు వేయిద్దాం, వారానికోసారి పలక పైకీ కిందికీ ఆడిద్దాం.

బావ: ఆడించేది ఎవరు?

బావమరిది: నేనే.

బావ: రేపు మధ్యాహ్నం రెండింటికి ఆ పెద్దదాంట్లో గంట పడుకుంటాను. నిద్రపడితే అదే కొంటాం.

బావమరిది: థర్మామీటర్ తేనా?

బావ: తువ్వాలు తే చాలు.