‘ఆర్ఖోన్’: ఏలుతున్నంత కాలమే ఏలిక

పాలకుడికి ప్రాచీన గ్రీకులో ఉన్న మాటల్లో ‘ఆర్ఖోన్’ ఒకటి. వాడకంలో నామవాచకమే కానీ, పుట్టింది క్రియ నుంచి. ‘ఆర్ఖో’ అంటే మొదలుపెట్టడం, ఏలడం. దాని వర్తమాన రూపం ఆర్ఖోన్, అంటే ఏలుతున్నవాడు. బహువచనం ఆర్ఖోంటెస్. తెలుగు బైబిల్లో రోమా పత్రిక 13:3 చూడండి. అక్కడ గ్రీకు మూలంలోని ఈ మాటకే ‘ప్రభుత్వము చేయువారు’ అని రాశారు. ‘అధికారులు’ అని తేల్చేయకుండా క్రియను నిలబెట్టిన ఆ అనువాదకుడి చెవి గొప్పది.

ఏథెన్స్ ఆ క్రియను సీరియస్‌గానే తీసుకుంది. క్రీ.పూ. 683 ప్రాంతం నుంచి ఆర్ఖోన్ పదవి ఏడాదికే. తర్వాత్తర్వాత తొమ్మిది మంది ఉండేవారు. వారిలో ముఖ్యుడి పేరే ఆ సంవత్సరానికి పేరు. క్రీ.పూ. 487 నుంచి ఎంపిక లాటరీతో. చీటీ తగిలితే సరిపోదు, పరీక్ష ఉంటుంది. నీ తండ్రి ఎవరు, మీ వాళ్ల సమాధులు ఎక్కడ, అమ్మానాన్నల్ని బాగా చూసుకుంటున్నావా, పన్నులు కట్టావా, యుద్ధానికి వెళ్లావా అని అడిగేవారు. ఇవాళ మన అభ్యర్థుల్ని ఆ మూడో ప్రశ్న అడిగితే ఎంతమందికి టెన్షన్ పుడుతుందో! ఆపైన రాతి మీదికెక్కి ప్రమాణం చేయాలి: లంచం తీసుకుంటే బంగారు విగ్రహం చేయించి ఇస్తానని. దిగిపోయేటప్పుడు లెక్కలు అప్పజెప్పాలి.

ఆర్ఖోన్ లేని ఏడాది ‘అనార్ఖియా’. క్రీ.పూ. 404లో ముప్ఫైమంది నియంతల హయాంలో పిథొడోరోస్ అనే ఆర్ఖోన్ ఉన్నాడు. మనిషి కుర్చీలో ఉన్నా ఏథెన్స్ వాళ్లు ఆ సంవత్సరాన్ని అతని పేరుతో పిలవలేదు, అనార్ఖియా అనే అన్నారు. మన ‘అరాచకం’లో లేనిది రాజు. వాళ్లకు లేనిది, తాము ఒప్పుకున్న ఏడాది అధికారి.

అలాగని వ్యాకరణమే ప్రజాస్వామ్యాన్ని కన్నదని నేను అనను. ఆ తొమ్మిది మందిలోనే ఒకరిని ‘బాసిలెయుస్’, అంటే రాజు అని పిలిచేవారు. అతని పని ఎక్కువగా పూజలూ క్రతువులే. మాటలో క్రియ బతికింది గడువు వల్ల, పరీక్ష వల్ల, లెక్కల వల్ల. అవి లేనిచోట ఆర్ఖోన్ మళ్లీ మామూలు బిరుదే. బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలానికి ఆ పేరు కులీనులకు అంటుకుంది. ఇప్పటి గ్రీకులో ‘ఆర్ఖొంటికో’ అంటే పాతకాలపు శ్రీమంతుల మేడ.