అప్‌డేట్ ఎప్పుడు దిగాలో నిర్ణయించేది ఎవరు?

2024 జులై 19, శుక్రవారం. మన టైము ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. అప్పటికే ఫైలు అందుకున్న కంప్యూటర్లు నీలి తెర మీద ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అవి 85 లక్షలు. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా విమానం ఎక్కిన ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు.

ఈ ఉదంతంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే ఉంది. కొత్త వెర్షన్ వెంటనే వద్దు, ఒక వెర్షన్ వెనకే ఉంటామని సెట్టింగ్ పెట్టుకున్న కంపెనీలూ పడిపోయాయి. ఆ సెట్టింగ్ అసలు ప్రోగ్రాముకే వర్తించింది. ముప్పులను గుర్తుపట్టడానికి రోజూ వచ్చే ఫైళ్లు దాన్ని పట్టించుకోకుండా నేరుగా దిగిపోయాయి. జాగ్రత్తపడిన అడ్మిన్‌కు, అంటే ఆఫీసు కంప్యూటర్లను చూసుకునే ఉద్యోగికి కూడా ఆపే వీలు లేకపోయింది.

పెద్ద సంస్థల్లో సాఫ్ట్‌వేర్ పంపిణీకి పాత పద్ధతి ఒకటుంది. హెడ్డాఫీసు సర్వర్ నుంచి ప్రతి బ్రాంచిలోని డిస్ట్రిబ్యూషన్ పాయింట్‌కు ఫైలు ఒక్కసారే వెళ్తుంది. అక్కడి కంప్యూటర్లన్నీ ఆ లోకల్ సర్వర్ నుంచే తీసుకుంటాయి. 10 ఎంబీపీఎస్ లైను, 40 కంప్యూటర్లు ఉన్న బ్రాంచిని తీసుకోండి. 1 జీబీ అప్‌డేట్‌ను ప్రతి కంప్యూటరూ విడిగా దించుకుంటే లైను దాదాపు 9 గంటలు నిండిపోతుంది. కౌంటర్లో పని ఆగినట్టే. ఒక్కసారే దిగితే పావుగంటలోపు అయిపోతుంది. అది కూడా రాత్రి పూట పెట్టుకోవచ్చు.

బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం పుట్టిన ఈ ఏర్పాటు వల్ల ఇంకో మేలు జరిగింది. ఫైలు తలుపు దగ్గర ఆగేది. అడ్మిన్ ముందు పది కంప్యూటర్లలో చూసి, ఆ తర్వాతే మిగతావాటికి వదిలేవాడు. ఇప్పుడు ఆ తలుపు కనుమరుగవుతోంది. విండోస్ అప్‌డేట్లను ఆఫీసు సొంత సర్వర్ నుంచి పంచడానికి ఇరవై ఏళ్లుగా నడుస్తున్న డబ్ల్యూఎస్‌యూఎస్‌కు కొత్త సదుపాయాలు ఇక ఉండవని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. దారి క్లౌడ్ వైపు మళ్లుతోంది. పక్క కంప్యూటర్ నుంచే ముక్కలు తెచ్చుకునే డెలివరీ ఆప్టిమైజేషన్ లాంటివి బ్యాండ్‌విడ్త్ సమస్యను చాలావరకు తీర్చాయి, నిజమే. అయితే లైను మీద భారం తగ్గిందని నిర్ణయాధికారం కూడా వదులుకోవాలా?

ఆలస్యమూ ప్రమాదమే కదా అంటారు. ఒప్పుకోవాల్సిన మాటే. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ వాడుకున్న విండోస్ లోపానికి 2017 మార్చి 14నే ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్ వచ్చింది. దాడి మొదలైంది మే 12న. దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నా, ఆ ప్యాచ్ వేయని విండోస్ 7 కంప్యూటర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ దాడి సెగ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. నెలల తరబడి ప్యాచ్‌ను పక్కన పెట్టడాన్ని నేను సమర్థించను.

కానీ నెలలు ఆపడం వేరు, ఒక గంట ఆపడం వేరు. క్రౌడ్‌స్ట్రైక్ ఫైలు లోడ్ కాగానే కంప్యూటర్‌ను పడగొట్టింది. నూటికి ఒక కంప్యూటర్‌కు ముందు పంపి గంట ఆగినా విషయం బయటపడేది. ఫైలు అసలు కంపెనీ నుంచే వచ్చిందని చెప్పే డిజిటల్ సంతకం సరిచూసుకుంటే చాలదా అంటే, 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉదంతంలో, దాని అప్‌డేట్‌లో దూరిన హ్యాకర్ల కోడ్ సరైన సంతకంతోనే దాదాపు 18,000 సంస్థలకు చేరింది.

జులై 19 ఘటన తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ దశలవారీగా పంపుతామని, ఎప్పుడు దించుకోవాలో ఖాతాదారులే ఎంచుకునే వీలు ఇస్తామని చెప్పింది. ఒక కంపెనీ దెబ్బ తిన్నాక ఇచ్చిన హామీగా ఇది మిగిలిపోకూడదు. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖలు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ షరతును టెండర్లోనే రాయాలి. ప్రోగ్రామైనా, రోజువారీ సమాచార ఫైలైనా, మా అనుమతి లేకుండా అన్ని సర్వర్లలోకీ ఒకేసారి దిగకూడదని. దించాక వెనక్కి తీసుకునే దారి కూడా ముందే చూపించమని అడగాలి. జులై 19న దెబ్బతిన్న చాలా కంప్యూటర్లను సిబ్బంది ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్కులు విండోస్‌లోని బిట్‌లాకర్ అనే రక్షణతో లాక్ అయి ఉన్న చోట రికవరీ కీ వెతకడానికే గంటలు పట్టింది.