కాల్చని తుపాకీని కరిగించకండి

కాల్చనప్పుడు ఇంట్లో తుపాకీ ఎందుకు? పాత ఆయుధాల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ముందుకొచ్చే ప్రశ్న ఇది. అడిగేవాళ్లకు ఇది తిరుగులేని ప్రశ్న. నాకు మాత్రం ఇందులోనే జవాబు కనిపిస్తుంది. కాల్చడం లేదు కాబట్టే దాన్ని వేరుగా చూడాలి. మూడు తరాలుగా తూటా ఎరగని తుపాకీనీ, రేపు ఎవరి మీదో గురిపెట్టడానికి సంపాదించిన తుపాకీనీ ఒకే గాటన కట్టే చట్టం భద్రతను పెంచదు. చరిత్రను మాత్రం చెరిపేస్తుంది.

మన దేశంలో ఆయుధాల చట్టానికి 2019 డిసెంబర్‌లో వచ్చిన సవరణ సంగతి తెలిసిందే. ఒక మనిషికి మూడు తుపాకులన్న పరిమితి రెండుకు తగ్గింది. బిల్లులో మొదట ఒకటే అన్నారు, అభ్యంతరాలొచ్చాక రెండయింది. నన్ను కలవరపెట్టేది అందులోని ఒక వాక్యం. వారసత్వంగా వచ్చినా సరే, రెండు మించకూడదట. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాలన్నారు. గడువు ముగిసిన 90 రోజుల్లో దాని లైసెన్స్ పోతుందన్నారు. ఆ మూడోది ఏ కాలానిది, ఎవరు చేసింది, ఇంకెక్కడైనా అలాంటిది మిగిలి ఉందా అని అడిగే వీలే ఆ సెక్షన్‌లో లేదు.

1959 నాటి అసలు చట్టంలోనే ఇంకో మెలిక ఉంది. పాతకాలపు ఆయుధాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే బాగుచేసినా పేలని స్థితిలో ఉంటేనే ఇస్తుంది. అంటే గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడితే అది పురావస్తువు. తాత నెలనెలా నూనె రాసి, పొడిబట్టతో తుడిచి కాపాడుకొస్తే అది ఆయుధం. పట్టించుకోనివాడికి మినహాయింపు, జాగ్రత్తగా చూసుకున్నవాడికి స్టేషన్ చుట్టూ తిరుగుడు. ఇంతకంటే తలకిందుల న్యాయం నాకు తెలియదు.

వాడకుండా ఉంచడంలో ఏముంది అనేవాళ్లు 1851 మోడల్ కోల్ట్ నేవీ రివాల్వర్‌ను దగ్గరగా చూడాలి. దాని సిలిండర్ చుట్టూ ఒక సముద్ర యుద్ధం చెక్కి ఉంటుంది. 1843 మే 16న మెక్సికో తీరంలోని కాంపేచే దగ్గర, అప్పట్లో వేరే దేశంగా ఉన్న టెక్సస్ నౌకలు మెక్సికో నౌకలతో తలపడిన ఘట్టం అది. ఆ చెక్కడానికి లోతు బహు తక్కువ. తోలు ఒరలో పెట్టి తీసినకొద్దీ, వేళ్లు రాసుకున్నకొద్దీ అరుగుతుంది. బాగా వాడిన రివాల్వర్ల మీద ఓడలన్నీ పోయి నున్నటి ఇనుము మిగులుతుంది. సిలిండర్‌ను ఎక్కడికక్కడ ఆపే చిన్న కొక్కెం కూడా, అది తిరిగిన ప్రతిసారీ దాని ఒంటి మీద సన్నగా గీసుకుపోతుంది. ఆ గీత ఎంత లేతగా ఉంటే ఆ తుపాకీకి అంత తక్కువ పని పడిందన్నమాట. ఇక ఫ్రేమ్ మీద నీలం, గడ్డిరంగు, గోధుమరంగు కలగలిసిన మబ్బుల్లాంటి మచ్చలుంటాయి. ఎముకల బొగ్గు మధ్య ఇనుమును కొలిమిలో కాల్చి నీళ్లలో ముంచినప్పుడు వచ్చే రంగులవి. ఏ రెండు తుపాకుల మీదా ఒకేలా రావు. ఎండ పొడ తగిలినా వెలిసిపోతాయి.

ఒక్కసారి పేల్చినా చాలు, నల్ల తుపాకీమందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వెంటనే కడగకపోతే గొట్టాన్ని లోపల్నుంచి తినేస్తుంది. కాబట్టి ఆ ఓడలు, ఆ రంగులు ఈరోజు మన కళ్లకు కనిపిస్తున్నాయంటే, నూట డెబ్భై ఏళ్ల పాటు ఎవరో ఒకరు దాన్ని వాడకూడదని నిర్ణయించుకుని, ఆ నిర్ణయానికి కట్టుబడి ఉన్నారు.

మ్యూజియాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ మ్యూజియానికి చేరేదాకా ఆ వస్తువును బతికించేది ఇల్లే. టిప్పు సుల్తాన్ కార్ఖానాల్లో తయారైన చెకుముకి తుపాకుల మీద పులి చారలు, పులి తలలు ఉంటాయి. వాటి మీద తయారైన ఊరి పేరు, పనివాడి పేరు కూడా కనిపిస్తాయి. సంవత్సరాన్ని టిప్పు తానే మొదలుపెట్టిన మౌలూదీ లెక్కలో వేశారు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక ఇలాంటివెన్నో ఈస్టిండియా కంపెనీ అధికారుల పెట్టెల్లో సముద్రం దాటాయి. ఇంగ్లండ్‌లోని బర్క్‌షైర్‌లో ఒక ఇంటి అటక మీద పడి ఉన్న టిప్పు కాలపు తుపాకీ, కత్తులు 2019లో వేలానికి వచ్చాయి. అది దోపిడీ సొత్తు, మనకు తిరిగి రావాలి అనేవాళ్లతో నేనూ గొంతు కలుపుతాను. అయితే తిరిగి రావడానికైనా అది మిగిలి ఉండాలి కదా. ఆ ఇంట్లోవాళ్లు ఎప్పుడో భయపడి దాన్ని తుక్కు కింద అప్పగించి ఉంటే మనం అడగడానికి ఏముండేది?

ఎదుటివాదన తేలికైనదేమీ కాదు. 2015 జనవరిలో పారిస్‌లో దాడులు చేసినవాళ్లలో ఒకడి చేతిలోని తుపాకులు, నిర్వీర్యం చేశామని చెప్పి స్లొవేకియాలో అమ్మినవే. వాటిని మళ్లీ పేలేలా చేసుకున్నారు. బ్రిటన్‌లో తూటాలు దొరకవన్న ధీమాతో లైసెన్స్ నుంచి వదిలేసిన పాత రివాల్వర్లకు నేరగాళ్లు తూటాలు తయారు చేయించుకున్నారు. చివరికి 2021లో ఏడు రకాల తూటాలను ఆ మినహాయింపు జాబితాలోంచి తీసేశారు. దొంగతనాల భయం కూడా కాదనలేనిది. అయితే బ్రిటన్ ఏం చేసిందో గమనించండి. తూటా దొరికే దారి ఎక్కడ తెరుచుకుందో చూసి అక్కడ మూసింది, పాత తుపాకులన్నిటినీ కొలిమిలో పడేయలేదు.

నిజంగా భయపడాల్సింది ఇంకోటి ఉంది. దాని గురించి సేకరణదారులు తగినంత మాట్లాడరు. 1863లో, అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానం నుంచి పోగుచేసిన తుపాకులు 27,574 అని లెక్క తేలింది. వాటిలో దాదాపు 24,000 మందు దట్టించి ఉన్నవే. సుమారు 12,000 తుపాకుల్లో ఒకదాని మీద ఒకటిగా రెండు దఫాల మందు ఉంది. ఒకదానిలోనైతే 23 దఫాలు! అలాంటివి తర్వాత ఇళ్లకు చేరాయి, గోడలకెక్కాయి. తేమ తగలకపోతే ఆ నల్ల తుపాకీమందు నూరేళ్ల తర్వాత కూడా అంటుకుంటుంది. మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకీ చేతికొస్తే మొదట చేయాల్సిన పని ఒకటుంది. సన్నని కర్రను గొట్టంలోకి నెమ్మదిగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ఆ కర్రను బయట గొట్టం పక్కనే ఆనించి చూడాలి. కర్ర కొస రంజకం రంధ్రం (మందుకు నిప్పు అందించే చిల్లు) దాకా రాకుండా ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. వెంటనే తెలిసినవాళ్లకు చూపించాలి. ఈపాటి జాగ్రత్త తీసుకోనివాడికి ఆ తుపాకీని ఉంచుకునే హక్కు లేదని నేను గట్టిగా అంటాను.

వయసును బట్టి గీత గీయడం ఒక పద్ధతి. అమెరికా ఫెడరల్ చట్టం 1898లోనూ అంతకుముందూ తయారైనవాటిని పురాతనమైనవిగా లెక్కేస్తుంది. సులువైన పద్ధతే కానీ గుడ్డిది. నాకు నచ్చింది 1997 నాటి బ్రిటన్ చట్టం. డన్‌బ్లేన్ బడిలో పిల్లల్ని చంపిన ఘోరం తర్వాత ఆ దేశం పిస్తోళ్లన్నిటినీ దాదాపుగా నిషేధించింది. అంత కోపంలో, అంత దుఃఖంలో రాసిన చట్టంలో కూడా ఏడో సెక్షన్ పెట్టారు. 1919కి ముందు తయారై, తూటాలు సులభంగా దొరకని పిస్తోలును తూటాల్లేకుండా ఇంట్లో ఉంచుకోవచ్చు. అరుదైనదో, అందమైనదో, సాంకేతికంగా ఆసక్తికరమైనదో, చరిత్రకు ముఖ్యమైనదో అయితే నిర్ణయించిన చోట భద్రపరచవచ్చు. పిల్లల్ని పోగొట్టుకున్న దేశమే ఈ తేడా చూడగలిగినప్పుడు, మన పార్లమెంటు ఎందుకు చూడలేకపోయింది?

నా అనుమానం ఒక్కటే. మనకు పనివాడి చరిత్ర అంటే లెక్క లేదు. రాజు వేయించిన శాసనమైతే గాజు పెట్టెలో పెడతాం. కమ్మరి చేతిపని మాత్రం తూకానికి పోతుంది. ఒకప్పుడు అచ్చు యంత్రాలు అలాగే పోయాయి, వాటితో పాటు సీసపు అక్షరాలు కిలోల లెక్కన కరిగాయి. పాత మగ్గాలు వంటచెరకయ్యాయి. తుపాకీ విషయంలో ఈ నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పనివాడి ఆనవాళ్లను ఇంత పద్ధతిగా మోసే పాత వస్తువులు అరుదు. లండన్ తుపాకీ పనివాళ్ల సంఘానికి 1637లోనే రాజు ఇచ్చిన అధికార పత్రం దక్కింది. బర్మింగ్‌హామ్‌లో పరీక్షా కేంద్రం 1813లో వచ్చింది. అక్కడ ప్రతి గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, పగలకుండా నిలిస్తేనే ముద్ర కొట్టేవారు. జీవితంలో ఎన్నడూ కాల్చలేదని చెప్పే తుపాకీ కూడా ఆ ఒక్కసారి పేలి ఉంటుంది. ఆ ముద్ర, పక్కన తయారీదారు గుర్తు, కింద వరుస నంబరు చదవగలిగితే ఒక ఊరి పరిశ్రమ మొత్తం మన ముందు విప్పుకుంటుంది. గొట్టాన్ని చీల్చి, మీటను వెల్డింగ్ చేసి నిర్వీర్యం చేయడం వేలకొద్దీ ఒకే అచ్చులో పోసినవాటికి సరే. ఒక్కటే మిగిలినదానికి చేస్తే అది నాశనమే.

అందుకే వారసత్వ తుపాకులకు ప్రత్యేక తరగతి కావాలి. ఆ తరగతి కింద లైసెన్స్ తీసుకున్నవాళ్లు తూటా గానీ, మందు గానీ దగ్గర పెట్టుకోకూడదు. పెట్టుకుంటే కఠిన శిక్ష పడాలి. తాళం, ఇనుప పెట్టె, తనిఖీ, ప్రతి ముద్రకూ ఫొటోతో రికార్డు తప్పనిసరి చేయండి, అభ్యంతరం లేదు. ఈ తరగతిని రెండు తుపాకుల లెక్కలో కలపకండి. స్టేషన్లకు చేరినవాటి విషయంలో ఇంకా తొందర ఉంది. తుక్కు చేయమని ఆర్డర్ వేసే ముందు పురావస్తు శాఖ నుంచి గానీ, మ్యూజియం నుంచి గానీ తెలిసిన మనిషి ఒకరు వచ్చి ప్రతి తుపాకీనీ చేతిలోకి తీసుకుని చూడాలి. గొట్టం మీద ఏం రాసి ఉందో చదివి, సంతకం పెట్టాలి. ఆ సంతకం లేని ఏ ఆర్డరూ చెల్లకూడదు.