నాన్నకి కారు రాదు

మా నాన్నది తెనాలి. పొద్దున్నే రైల్వే స్టేషన్ దాకా నడిచి, టీ తాగి, పేపరు కొనుక్కుని, ఏ బండి ఎంత లేటో కనుక్కుని వస్తే గానీ ఆయనకి తెల్లారినట్టుండదు. డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, చూపూ బాగానే ఉంది, ఇంగ్లీషు కావలసినంత వచ్చు. రానిదల్లా కారు నడపడమే. అలాంటి మనిషి మా ఇంటికొచ్చిన నాలుగో రోజున, "ఇక్కడ బస్టాండ్ ఎంత దూరంరా?" అనడిగారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. జనాభా రెండు లక్షలు దాటింది. అందులో మనవాళ్ళు ఎంతమందో ఆదివారం హనుమాన్ గుడి పార్కింగ్ చూస్తే తెలుస్తుంది. కానీ ఒక రూటూ, ఒక టైమూ ఉన్న సిటీ బస్సు మాత్రం ఒక్కటీ లేదు. డల్లాస్ చుట్టుపక్కల బస్సులూ రైళ్ళూ నడిపే సంస్థ డార్ట్. అందులో చేరిన ఊళ్ళు అమ్మకం పన్నులో డాలరుకి ఒక సెంటు దానికి ఇస్తాయి. పక్కనున్న ప్లేనో ఇచ్చింది, రైలు తెచ్చుకుంది. మా ఊరు ఆ సెంటుని పరిశ్రమలూ పార్కులూ తెచ్చుకోవడానికి వాడుకుంది. తప్పని అనను. ఊరు బాగానే పెరిగింది. నాన్నకి మాత్రం సోఫా మిగిలింది.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా "ఏ ఊరికి మారితే మంచిది?" అనడిగితే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. స్కూళ్ళు, ఇంటి ధర, ప్రాపర్టీ టాక్స్, ఆ తర్వాత ఇండియాకి ఫ్లైట్లు. "అక్కడ బస్సులెలా ఉంటాయి?" అని అడిగినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు. నాకేమనిపిస్తుందంటే, ఇప్పుడు ఫ్లైట్ల సంగతి అంతగా అడగక్కర్లేదు. అడగాల్సింది బస్సుల సంగతే.

ముందు ఫ్లైట్ల లెక్క తేల్చేద్దాం. "డైరెక్ట్ ఫ్లైట్" అనే మాటకి మనం ఇచ్చేంత విలువ నిజానికి దానికి లేదు. న్యూయార్క్, నెవార్క్, టొరంటో, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి చోట్ల నుంచి ఇండియాకి అలాంటి విమానాలున్న మాట నిజమే. అవి ఎక్కువగా వెళ్ళేది ఢిల్లీకో ముంబైకో. హైదరాబాదుకో బెజవాడకో వెళ్ళాల్సిన మనకి అక్కడ దిగి మళ్ళీ ఎక్కడం ఎలాగూ తప్పదు. పైగా ఇండియాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్. మామూలుగా పెట్టెలు అక్కడ తీసుకుని మళ్ళీ అప్పగించాలి. అదే దోహాలోనో దుబాయ్‌లోనో మారితే పెట్టెలు శంషాబాదులోనే కనిపిస్తాయి. హైదరాబాదు దాకా రెండు దారుల్లోనూ మారేది ఒక్కసారే, కానీ మా అమ్మలాంటి వాళ్ళకి రెండోదే సుఖం. దానికి తోడు 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వచ్చే ఎయిరిండియా విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకున్నాయి. ఆ సెప్టెంబరు నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసే ఆపేశారు.

హైదరాబాదు నుంచే నేరుగా రాకూడదా అంటారా? వచ్చింది. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాదు–షికాగో విమానం మొదలుపెట్టింది, వారానికి ఒకటి. మన సంబరం చూడాల్సింది. అది నిలవలేదు.

ఇకపోతే ఒక్క మజిలీ ప్రయాణం ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద ఊరికీ ఉంది. డల్లాస్ నుంచి ఇండియాకి నేరుగా విమానం లేదు గానీ, దుబాయ్‌కి 2012 నుంచి, దోహాకి 2014 నుంచి ఉంది. అట్లాంటాకి 2025లో అబుదాబీ విమానం వచ్చింది. అబుదాబీలో ఎక్కేవాళ్ళకి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది కాబట్టి, ఇక్కడ దిగాక మనవాళ్ళు ఆ పొడవాటి లైన్లో నిలబడి టెన్షన్ పడక్కర్లేదు. ఎనిమిది వేల మైళ్ళ ప్రయాణంలో ఊరికీ ఊరికీ తేడా అంతగా లేదు. ఉన్న తేడా అంతా ఆఖరి పాతిక మైళ్ళలోనే.

మా ఊరితోనే మొదలుపెడతాను. డల్లాస్ ఎయిర్‌పోర్ట్ మొత్తం మన్‌హటన్ ద్వీపం కన్నా పెద్దది. అక్కడికి డార్ట్ ఆరెంజ్ లైన్ రైలు 2014లో వచ్చింది. 2025 అక్టోబరులో సిల్వర్ లైన్ వచ్చింది. ఇది ఎయిర్‌పోర్ట్ నుంచి కారోల్టన్, అడిసన్, రిచర్డ్‌సన్ మీదుగా ప్లేనో దాకా 26 మైళ్ళు. మంచి రైలు. కిందటి నవంబరులో నాన్నని అది ఎక్కించడానికి తీసుకెళ్ళాను. ఇంటి నుంచి ప్లేనో స్టేషన్‌కి ట్రాఫిక్‌లో అరగంట. నాన్న కిటికీ పక్కన కూర్చుని పోను రాను ప్రతి స్టేషన్ పేరూ పైకి చదివారు. దిగాక, "రైలు బావుందిరా. కానీ రైలెక్కడానికి కారెక్కాలా?" అన్నారు.

అమెరికాలో ఎయిర్‌పోర్ట్ రైళ్ళ కథ చాలా ఊళ్ళలో ఇంతే. రైలు ఉంటుంది. మనం ఉన్న వైపుకి ఉండదు. షికాగోలో బ్లూ లైన్ రైలు 1984 నుంచి ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌కి వస్తోంది, ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. అర్ధరాత్రి దిగినా డౌన్‌టౌన్ చేరొచ్చు. అంతర్జాతీయ విమానాలొచ్చే టెర్మినల్ 5 నుంచి చిన్న రైల్లో అవతలి టెర్మినళ్ళకి వెళ్ళి ఎక్కాలి, అదేమంత కష్టం కాదు. కానీ మనవాళ్ళుండేది నేపర్‌విల్‌లో, అరోరాలో. ఓహేర్ నుంచి అక్కడికి రైల్లో వెళ్ళాలంటే డౌన్‌టౌన్‌కి పోయి, యూనియన్ స్టేషన్లో శివార్లకి వెళ్ళే మెట్రా రైలెక్కి, మళ్ళీ పడమటికి రావాలి. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌కి 2003లో బార్ట్ రైలు వచ్చింది. మనవాళ్ళుండే ఫ్రీమాంట్‌లోనూ బార్ట్ ఉంది. ఈ రెంటి మధ్యా వెళ్ళాలంటే ఓక్లాండ్ మీదుగా బే అంతా చుట్టి రావాలి.

అట్లాంటా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ ఎయిర్‌పోర్ట్ ప్రయాణికుల సంఖ్యలో ప్రపంచంలోనే మొదటి వరసలో ఉంటుంది. మార్టా రైలు 1988 నుంచి టెర్మినల్‌లోకే వస్తోంది. 2012లో కొత్త అంతర్జాతీయ టెర్మినల్ కట్టారు, అది ఎయిర్‌పోర్ట్‌కి రెండో కొసన. రైలు స్టేషన్ ఈ కొసన. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దావిడ రైలెక్కాలంటే పెట్టెలతో సహా షటిల్ బస్సెక్కి ఇటు రావాలి. సరే వచ్చారనుకుందాం, ఎక్కడిదాకా వెళ్తారు? మనవాళ్ళు చాలామంది ఉండే గ్విన్నెట్, ఫోర్సైత్ కౌంటీల్లోకి మార్టా రైలే పోదు. గ్విన్నెట్‌లో రవాణా పన్ను మీద 1971, 1990, 2019, 2020, 2024లో ఓటింగ్ పెట్టారు. అయిదుసార్లూ వద్దన్నారు. 2020లో ఓడింది లక్షల ఓట్లలో దాదాపు వెయ్యి ఓట్ల తేడాతో. ఆ కౌంటీలో తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్నున్నాయో నా దగ్గర లెక్క లేదు. వెయ్యి ఓట్లంటే ఎంతో మాత్రం మనకి తెలుసు. మన సంక్రాంతి సంబరాల్లో భోజనాల లైను అంతుంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ వర్జీనియాలో ఉంది. డల్లస్ ఎయిర్‌పోర్ట్ (మా డల్లాస్ కాదు, వాషింగ్టన్ దగ్గరది, ఈ పేర్లతో టికెట్లు కొనేవాళ్ళు పడే తికమక ఇంకో వ్యాసం) 1962లో మొదలైంది. మెట్రో రైలు అక్కడికి చేరింది 2022 నవంబరులో. అరవై ఏళ్ళు పట్టింది. ఆ సిల్వర్ లైన్ ఎయిర్‌పోర్ట్ దాటి మనవాళ్ళు స్థిరపడిన ఆష్‌బర్న్ దాకా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే 2012లో లౌడన్ కౌంటీ బోర్డులో తొమ్మిది మందిలో అయిదుగురు సరే అన్నారు కాబట్టి. నలుగురు వద్దన్నారు. ఒక్క ఓటు! ఆష్‌బర్న్‌లో ఉన్న మిత్రుడి తల్లిదండ్రులు ఇప్పుడు రైలెక్కి డీసీ వెళ్ళి, మ్యూజియంలు చూసి, సాయంత్రానికి ఇంటికొస్తున్నారు. మ్యూజియంలకి టికెట్ లేదని వాళ్ళకి ఇంకో ఆనందం.

ఇలాంటి విషయాల్లో కెనడా మనకన్నా ఒక మెట్టు పైనుందని నా అభిప్రాయం. అక్కడా తప్పులు చేశారు. మాంట్రియల్‌లో 1975లో ఊరికి దూరంగా మీరబెల్ అని పెద్ద విమానాశ్రయం కట్టారు. వేగంగా వెళ్ళే రైలు వేస్తామన్నారు, వెయ్యలేదు. జనం పోలేదు. 2004లో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, తర్వాత టెర్మినల్‌నే పడగొట్టేశారు. రైల్లేని విమానాశ్రయం ఏమవుతుందో చూడాలంటే ఇంతకన్నా ఖరీదైన పాఠం ఉండదు. (మన శంషాబాదుకి 2008 నుంచి ఇప్పటిదాకా మెట్రో రాలేదు. పుష్పక్ బస్సులు ఆదుకుంటున్నాయి.) టొరంటోలో 2015లో ఎయిర్‌పోర్ట్ నుంచి యూనియన్ స్టేషన్‌కి పాతిక నిమిషాల రైలు పెట్టారు. టికెట్ 27 డాలర్ల 50 సెంట్లు. బండ్లు ఖాళీగా తిరిగాయి. మరుసటి ఏడాది పన్నెండు డాలర్లకి దించారు, జనం వచ్చారు.

కానీ నాకు నచ్చింది ఆ రైలు కాదు, శివార్లలోని బస్సులు. మా పిన్ని కూతురు బ్రాంప్టన్‌లో ఉంటుంది. చూడ్డానికి అదీ మా ఫ్రిస్కోలాంటి ఊరే. అవే ఇళ్ళు, అవే గరాజులు. తేడా ఏమిటంటే పెద్ద రోడ్ల మీద బస్సు కోసం మరీ ఎదురుచూడక్కర్లేదు. 2024 ఫిబ్రవరి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ళ బస్సులకీ, టొరంటో సబ్‌వేకీ, శివార్లకి తిరిగే గో రైళ్ళకీ మధ్య మారితే రెండోసారి పూర్తి టికెట్ తీసుకోనక్కర్లేదు. వాళ్ళ అత్తగారు మెడలో ప్రెస్టో కార్డు (అన్నిటికీ టికెట్ అదే) వేసుకుని గుడికీ కూరగాయలకీ తనే వెళ్ళొస్తారు. జనవరిలో వెళ్ళరనుకోండి, ఆ చలికి ఎవరూ వెళ్ళరు. సూపర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు అక్కడ ఒక్క విడతలో అయిదేళ్ళ దాకా ఉండొచ్చు. ఇక్కడ మామూలుగా ఆర్నెల్లు. ఆర్నెల్లు సోఫాలో కూర్చోవడం వేరు, అయిదేళ్ళు కూర్చోవడం వేరు.

నాన్నలాంటి వాళ్ళు కారు లేకుండా తిరగగలరా అన్న పరీక్షలో పాసైన ఊరు అమెరికాలో ఒక్కటే నేను కళ్ళారా చూశాను: న్యూజెర్సీలో మా అక్క ఉండే ఎడిసన్. నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌కి మెయిన్ లైన్ మీదే స్టేషన్ ఉంది, 2001 నుంచి. అదే లైన్లో కిందికి వస్తే మెట్రోపార్క్, ఎడిసన్, ప్రిన్స్‌టన్ జంక్షన్. నెవార్క్ నుంచి ఢిల్లీకి నేరుగా విమానం 2005 నుంచే ఉంది. విమానమూ రైలూ మన ఇళ్ళూ ఒకే గీత మీద ఉండటం ఎవరో ప్లాన్ చేసింది కాదు. రైలున్న చోట అద్దెకి దిగిన మొదటి తరం వాళ్ళు అక్కడే ఉండిపోయారు, దుకాణాలు వాళ్ళ వెనకే వచ్చాయి. నాన్న అక్కడున్న రెండు నెలలూ రైల్లో మెట్రోపార్క్ వెళ్ళి, ఓక్ ట్రీ రోడ్ దాకా నడిచి, గోంగూర పట్టుకుని వచ్చేవారు. ఏ బండి ఎన్ని నిమిషాలు లేటో అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పేవారు. చాలా సంతోషంగా ఉన్నారని దాన్నిబట్టే తెలిసేది.

అందరం ఎడిసన్‌కి మారలేం, మారక్కర్లేదు కూడా. అయితే మన సంఘాలు చేయగలిగినవి కొన్నున్నాయి. సిటిజన్లు అయిన మనవాళ్ళు అధ్యక్ష ఎన్నికల గురించి రాత్రుళ్ళు వాదించుకుంటారు. అదే బ్యాలెట్ అడుగున ఉన్న కౌంటీ రవాణా పన్ను ప్రశ్నని చదవకుండా వదిలేస్తారు. దాని గురించి ఈ పత్రికలో ఎన్నికలకి ముందు ఒక పేజీ వేస్తే చాలు. ఏ వైపు వెయ్యాలో చెప్పక్కర్లేదు, అలాంటిదొకటి ఉందని చెబితే చాలు. రెండోది మన కార్యక్రమాల కరపత్రాలు. "ఉచిత పార్కింగ్" అని ఎర్రక్షరాల్లో వేస్తాం, దగ్గరి స్టేషన్ ఏదో ఎక్కడా వెయ్యం. కిందటేడు ఈ మాటే కమిటీలో అంటే, "రైల్లో ఎవరొస్తారండీ?" అన్నారొక పెద్దాయన. రైలు దగ్గర్లో లేని హాలు తీసుకుంటే ఎవరూ రారు, నిజమే.

అందుకని ఈసారి ఆ పని నేనే నెత్తినేసుకుంటున్నాను. కారోల్టన్, అడిసన్, ప్లేనోల్లో సిల్వర్ లైన్ స్టేషన్ నుంచి నడిచేంత దూరంలో ఉగాదికి సరిపడే హాళ్ళేమున్నాయో, అద్దె ఎంతో, బయటి భోజనం రానిస్తారో లేదో రెండు శనివారాలు తిరిగి చూసి కమిటీకి జాబితా ఇస్తాను. నాన్న కూడా వస్తానన్నారు. స్టేషన్ నుంచి హాలు దాకా నడిచి టైము చూసే బాధ్యత ఆయనది. స్టేషన్ దాకా మాత్రం కారులో నేనే దింపాలి.