మేసన్ కాక్స్ నల్లద్దాలు స్టైల్ కోసం కాదు

మా మెల్‌బోర్న్ తెలుగువాళ్ల గ్రూపులో ఈ వారం నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. నిన్న మా బావగారు కూడా పంపారు, కింద మూడు చప్పట్ల బొమ్మలతో. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టు కాలింగ్‌వుడ్ అమెరికా బాస్కెట్‌బాల్ నుంచి తెచ్చుకున్న రక్‌మన్ మేసన్ కాక్స్‌ని ఆకాశానికెత్తుతూ రాశారెవరో. ఆట రాకపోవడమే అతని బలమట. రక్, అంటే అంపైర్ పైకి లేపిన బంతి కోసం రెండు జట్ల పొడుగువాళ్లు ఎగిరి పోటీపడటం, బాస్కెట్‌బాల్ జంప్ బాలేనట. 2018లో రిచ్‌మండ్ జట్టుని చిత్తు చేసింది అతని రక్ పనేనట. ఆ నల్లద్దాలేమో వట్టి స్టైలట. చివర్లో, "మీ ఇంట్లో తాడిచెట్టంత పిల్లాడుంటే పంపండి, ఏమీ నేర్పక్కర్లేదు" అని ముక్తాయింపు. 2016 నుంచీ కాక్స్ ఆట వదలకుండా చూస్తున్నాను. మెచ్చుకుంటున్నారు కదా అని ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

జంప్ బాల్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అక్కడ ఉన్నచోట నిలబడి పైకి ఎగిరితే సరిపోతుంది. ఇక్కడ ఇద్దరు వంద కిలోల మనుషులు ఎదురెదురుగా పరిగెత్తుకొచ్చి గాల్లో గుద్దుకుంటారు. మోకాళ్లు పాడవుతున్నాయనే 2005లో ఆ పరుగుకి పది మీటర్ల వలయం గీసి హద్దు పెట్టారు. పైగా బంతిని తాకితే చాలదు, మనవాడు ఎటు పరిగెడుతున్నాడో చూసి అటే తట్టాలి.

రిచ్‌మండ్‌తో ఆడిన ఆ 2018 ప్రిలిమినరీ ఫైనల్ (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్) మాటకొస్తే, ఆ రాత్రి మన కాలింగ్‌వుడ్ రక్‌మన్ బ్రోడీ గ్రండీ. కాక్స్ ఆడింది ముందువైపు, ఫార్వర్డ్‌గా. ఒకే క్వార్టర్‌లో మూడు గోల్స్ కొట్టాడు, మనం 39 పాయింట్ల తేడాతో గెలిచాం. ఎవరు ఎక్కడ ఆడారో కూడా చూడకుండా రాసిన మెసేజ్ ఇది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఇది రాయడానికి కూర్చున్నప్పుడు ఒప్పుకుంటాననుకోలేదు. ఆ క్వార్టర్ నిన్న రాత్రి మళ్లీ చూశాను. రీబౌండ్ కోసం నిలబడినట్టు వెన్నుతో మనిషిని అడ్డగించి, చేతులు పూర్తిగా పైకి చాచి బంతిని అందుకుంటున్నాడు. 211 సెంటీమీటర్ల మనిషి అలా అందుకుంటుంటే వెనకున్న డిఫెండర్ పిడికిలి బంతి దాకా పోవడం లేదు. అది బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిందే. బాస్కెట్‌బాల్ పేరెత్తినంతవరకు మెసేజ్ రాసినవాళ్లది తప్పు లేదు.

కానీ "ఆట రాకపోవడమే బలం" ఏమిటి? 2014లో సంతకం పెట్టినవాడు 2015 అంతా కింది స్థాయి లీగ్ అయిన వీఎఫ్‌ఎల్‌లో నలిగాడు. 2016 ఆన్జాక్ డే రోజు మొదటి తన్నుకే గోల్ కొట్టాడని అందరికీ గుర్తుంది, దాని వెనకున్న ఆ ఏడాది ఎవరికీ గుర్తులేదు. ఆట రాకపోతే ఏమవుతుందో తెలియాలంటే జిమ్ స్టైన్స్‌ని తలుచుకోండి. ఐర్లాండ్ నుంచి వచ్చిన రక్‌మన్. 1987 ప్రిలిమినరీ ఫైనల్ ఆఖరి క్షణాల్లో, తన్నబోతున్న ప్రత్యర్థి ముందున్న గీత (మార్క్) దాటి పరిగెత్తాడు, అది తప్పు. 15 మీటర్ల పెనాల్టీ పడింది. ప్రత్యర్థి జట్టు ఆటగాడు బకెనారా సైరన్ మోగాక గోల్ కొట్టాడు, స్టైన్స్ జట్టు మెల్‌బోర్న్ రెండు పాయింట్ల తేడాతో ఓడింది. అదే స్టైన్స్ 1991లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు, వరుసగా 244 మ్యాచ్‌లు ఆడాడు. మధ్యలో ఆ నాలుగేళ్లూ చేసినదంతా నేర్చుకోవడమే.

ఇక అద్దాలు. నన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయించింది ఆ లైనే. కాక్స్‌కి రెటీనా దెబ్బతింది, కళ్లకి ఆపరేషన్లయ్యాయి. వెలుతురు పడదు. ఫ్లడ్‌లైట్ల కింద తలెత్తి బంతి కోసం చూడటమే పనిగా ఉన్న మనిషికి వెలుతురు పడకపోతే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించారా? అయినా ఆడాడు. 2023లో బ్రిస్బేన్ మీద నాలుగు పాయింట్ల తేడాతో గెలిచిన గ్రాండ్ ఫైనల్లోనూ ఉన్నాడు. ఇందులో స్టైల్ ఎక్కడ కనిపించింది మీకు?

మా చిన్నాడికి తొమ్మిదేళ్లు. కిందటేడు కంటికి బంతి తగిలాక, అద్దాలు లేకుండా గ్రౌండులోకి దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తల వెనక పట్టీ ఉండే అద్దాలు. ఆట అయ్యాక తీస్తే ముక్కుకి రెండు పక్కలా ఎర్రగా గుంటలు పడి ఉంటాయి. రెండు వారాల కిందట అవి వాడి సంచిలో సాక్సు లోపల కుక్కి కనిపించాయి. ఏమిట్రా అంటే, "కాక్స్‌లా పోజు కొడుతున్నావా అన్నారు నాన్నా" అన్నాడు. రెండు మ్యాచ్‌లు అవి లేకుండానే ఆడాడట. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ రాత్రి కాక్స్ ఆపరేషన్ల సంగతి వాడికి వివరంగా చెప్పాను. "ఆయనకీ నొప్పేనా?" అని అడిగాడు. శనివారం తనే పెట్టుకుని దిగాడు.

బావగారూ, పొడుగు పిల్లల్ని ఆటకి పంపండి, తప్పకుండా పంపండి, కానీ నేర్చుకోవడానికి పంపండి. ఆ అద్దాల లైను మాత్రం మీరు పంపిన ప్రతి గ్రూపులోనూ ఇవాళే తీసేయండి. మీ మేనల్లుడు కూడా ఆ గ్రూపుల్లో ఉన్న ఫోన్లే చూస్తున్నాడు.