సవరణ: అమ్ముడుపోకుండా నిలిచిపోయిన కార్లు

‘ఏళ్ల తరబడి షోరూములో ఉన్నా, తిరగని కారు కొత్తదే’ అన్న పాత టపాలోని వాక్యాన్ని తొలగించాను. మీటరు చూపేది తిరిగిన దూరాన్నే, వయసును కాదు. కదలకుండా పడి ఉన్న కారులో బ్యాటరీ దానంతటదే డిశ్చార్జి అవుతుంది. అలాగే వదిలేస్తే లోపలి పలకలపై సల్ఫేటు గట్టిపడి, మళ్లీ చార్జి చేసినా పాత సత్తువ రాదు. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది. టైరు పక్కభాగంలో నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అమ్మేవారు దాచినా టైరు దాచదు!

బ్రేకు డిస్కుపై పలుచని తుప్పుకు మాత్రం కంగారు అక్కర్లేదు, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. గుంటలు పడితేనే మార్పించాలి. వారంటీ సాధారణంగా అమ్మిన తేదీ నుంచే మొదలవుతుందన్న మాటలో మార్పేమీ లేదు.