అరకు టూరిజం సరే, కొండ మీది బడి మాటేమిటి?

అరకు టూరిజం ప్రచారం, ఏజెన్సీ బడుల విలీనం (చిన్న బడుల్ని వేరే బడుల్లో కలిపేయడం) రెండూ మీ పత్రిక ఒకే వార్తలో రాసినందుకు సంతోషం. టూరిస్టులు రావాలనే నేనూ కోరుకుంటాను. 2017లో అద్దాల రైలు పెట్టె వచ్చాక విశాఖ నుంచి ఈ దారి పేరు దేశమంతా తెలిసింది. బొంగు చికెన్ కాల్చేవాళ్లకీ, కాఫీ గింజలు అమ్మేవాళ్లకీ నాలుగు డబ్బులు వస్తున్నాయి. మంచిదే.

బడుల విషయంలోనే నాకు బాధ. 2022లో జీవో 117 అనే ప్రభుత్వ ఉత్తర్వు కింద 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్లకు మార్చారు. తర్వాత ఆ జీవోనే రద్దు చేశారు. అయినా ఆ కిలోమీటరు లెక్క గురించి ఒక మాట చెప్పాలి. మైదానంలో కిలోమీటరు అంటే పావుగంట నడక. కొండల్లో అలా కాదండీ. వానాకాలం మధ్యలో గెడ్డ (కొండవాగు) పొంగిందంటే ఎనిమిదేళ్ల పిల్ల ఇవతలి గట్టునే ఆగిపోతుంది. బడి దగ్గరేనని మ్యాపు చూసి చెప్పేస్తే ఎలా?

ఇంకొకటి, ఇక్కడ చాలామంది పిల్లలు ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా భాషలు మాట్లాడతారు. ఒకటో తరగతిలో తెలుగు వాచకం వాళ్లకు కొత్త భాషే. ఇంటి భాష తెలిసిన వాలంటీరు పక్కన కూర్చుని చెబితేనే పాఠం ఎక్కుతుంది. అతిథులొస్తే థింసా ఆడించడానికి గుర్తొచ్చే ఊళ్లు, వాలంటీర్లను జూన్‌లోనే వేయడానికి ఎందుకు గుర్తుకురావు?

ఏ బడి కలపాలన్నా ముందు గ్రామసభ పెట్టి తల్లులను అడగండి. టూరిస్టుల ఎంట్రీ టికెట్ల డబ్బులో కొంత వాటా ఆ పంచాయతీ బడికే రాసివ్వండి.